చెవిలో పడిన మాట

రాజయ్య సంచిని షావలి మెట్ల మీదికి విసిరేశాడు.

"ఖలాస్! ఈ రూములో నీకు చోటు లేదు. పో!"

రాజయ్య కదల్లేదు. అతని రెండు చేతులకూ కట్లున్నాయి.

కువైట్‌లో, అబూ హలీఫాలోని ఆ గదిలో వాళ్లు ముగ్గురు ఉండేవారు. ఇప్పుడు షావలి తమ్ముడు అసిఫ్ మంచం ఖాళీ. ముగ్గురూ పనిచేసే దజీజ్ గోదాములో నిన్న మంటలు లేచాయి. తలుపు దాకా వచ్చేసిన అసిఫ్, లోపల చిక్కుకున్న రాజయ్య కోసం వెనక్కి వెళ్లాడు. రాజయ్య బతికాడు. పొగ మింగిన అసిఫ్ బతకలేదు.

"అల్లా భయం ఉన్నోడు గాబట్టి నీకోసం ఎనక్కొచ్చినాడు. దేవుడే లేడంటా తిరుగుతావే, నువ్వయితే వచ్చేటోనివా?"

"మనిషి కోసం మనిషి వస్తడు, షావలి భాయ్."

"థూ! మనిషంట, మనిషి! పైన చూసేవాడు లేకుంటే ఎవడొస్తాడురా? ఎవని పానం వాడు చూసుకుంటాడు."

షావలి మూలనున్న నమాజు చాపను కాలు తగలకుండా తప్పించుకుని రాజయ్య మీదికి వచ్చాడు.

"ఇన్నేండ్లు మేము నమాజు చేస్తా ఉంటే ఆ మంచం మీద పడుకొని వింటివి. ఒక్క ముక్కన్నా చెవికెక్కిందా నీకు?"

రాజయ్య తల వంచుకున్నాడు. షావలి చెయ్యెత్తాడు.

ఫోన్ మోగింది. రాయచోటి నుంచి తల్లి, బుడేన్‌బీ.

షావలి స్పీకర్ నొక్కాడు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు అది.

"వాని చెవిలో కలిమా పడిందా నాయనా? ఎవరు చెప్పినారు?"

ప్రాణం పోయేవాడికి ఆఖరున వినిపించాల్సిన మాట అది. ఆమె ఇంకేమీ అడగలేదు.

షావలి ఫోన్‌ను మంచం మీద పెట్టి గోడవైపు తిరిగాడు.

రాజయ్య కట్టు కట్టిన చేత్తోనే ఫోన్‌ను దగ్గరికి జరుపుకున్నాడు.

"అమ్మా, నేను రాజయ్యను."

"నువ్వు అబద్ధం చెప్పవని మా అసిఫ్ అంటా ఉండె. చెప్పు నాయనా."

"అన్న ఒడిలనే పాణం ఇడిసిండమ్మా. కలిమా అన్ననే చెప్పిండు. అసిఫ్ పెదవులు గూడ కదిలినయ్."

"అల్హమ్దులిల్లా... నా పెద్దోడు పక్కనే ఉన్నాడు."

ఫోన్ ఆగిపోయింది. షావలి రాజయ్య చొక్కా పట్టుకుని గోడకు నెట్టాడు.

"నిన్నెవడు చెప్పమన్యాడురా?"

"అమ్మ అడిగింది గదా," అన్నాడు రాజయ్య.

నిన్న మంటలు లేచినప్పుడు షావలి వెనక్కి చూడకుండా పరుగెత్తి గోదాము గేటు దాటిపోయాక, అసిఫ్ తలను ఒడిలోకి తీసుకుని, ఇన్నేళ్లూ మూల మంచం మీద విని విని నోటికొచ్చిన ఆ కలిమాను అతని చెవిలో చెప్పింది రాజయ్య.