జనం చేతిలో మీట

పరిశోధన గది గుమ్మంలోనే సర్వే మేడమ్ ఒక కాగితం చేతికిచ్చింది. గ్రాఫు దొర చదవలేదు. యాప్ విభాగానికి అధిపతి అయిన దగ్గర్నుంచీ అంకెలు తప్ప ఇంకేమీ చదవడం ఆయన మానేశాడు. ఆఫీసులో అందరూ వెనకాల ఆ పేరుతో పిలిచేదీ అందుకే. ఆవిడ కలమే తీసుకుని, కాగితాన్ని గోడకు ఆనించి, సంతకం గీకి పారేశాడు.

"ఒకసారి చదివితే మంచిది సార్. నిన్న సంపాదకుడుగారు రెండుసార్లు చదివారు. చదివి, తల దువ్వుకుని మరీ లోపలికి వెళ్ళారు," అందావిడ.

ముసలాడికి సోకొకటి, అనుకున్నాడు గ్రాఫు దొర. "పరీక్షకు వచ్చిన పదకొండు మందీ వాళ్ళ కాగితాలు చదివే సంతకం చేశారా?"

"ఇద్దరు చదివారు."

"మిగతా తొమ్మిది మందే మన అన్నదాతలు," అని నవ్వాడు. చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే వెర్రిబాగులవాళ్ళు లేకపోతే ఈ వ్యాపారమే లేదని ఆయన సిద్ధాంతం.

ఆ రోజు తేలాల్సింది చిన్న సంగతి కాదు. పత్రిక, టీవీ, యాప్ మూడింటినీ కలిపి ఒకటి చేస్తున్నారు. మూడింటి మీదా ఒకటే పెద్ద కుర్చీ. పోటీలో ఉన్నది ఇద్దరు: ఈయనా, ముప్పై ఏళ్ళుగా పత్రిక నడుపుతున్న సంపాదకుడూ. జనం ఎవరిని మెచ్చితే వాళ్ళదే కుర్చీ అని యజమానురాలు తెగేసి చెప్పింది. అది దక్కితే ఈయన ముందుగా మూయించేది సర్వే విభాగాన్ని. ఇరవై ఏళ్ళుగా గడప గడపా తిరిగి, జనం ఏం చదువుతున్నారో అడిగి రాసుకొచ్చిన ఈ మేడమ్ ఇక ఇంట్లో కూర్చోవాల్సిందే.

అవతలి గదిలో పదకొండు మంది తెర ముందు కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక తిప్పుడు మీట. నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకు. ఆ తిప్పుళ్ళన్నీ కలిసి ఇవతల టీవీ మీద ఆకుపచ్చ గీతగా కదులుతాయి. పక్కనే వాళ్ళ ముఖాలు. వాళ్ళు చూస్తున్న తెర మాత్రం ఇటు కనబడదు. కనబడనక్కర్లేదు కూడా. తాను దగ్గరుండి తయారుచేయించిన వార్తల కార్యక్రమం ఆయనకు కంఠతా వచ్చు.

గీత యాభై దగ్గర మొదలైంది. ఆయన వెనక్కి వాలి, కాళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ మొహాలు చూడండి మేడమ్. వీళ్ళ మనసులో ఏముందో మీరు ఇరవై ఏళ్ళు అడిగారు. అసలు ఉంటే కదా? బొటనవేలు ఎక్కడ ఆగిందో చూస్తే సరిపోయేది."

గీత నలభైకి దిగింది. యాంకర్ నత్తనడకన చదువుతోందని విసుక్కున్నాడు. ముందు వరసలోని బట్టతలాయన్ని చూపించి, జుట్టుతోపాటు మెదడు కూడా రాలిపోయినట్టుందన్నాడు. బట్టతలాయన తల తడుముకున్నాడు. జుట్టునూనె ప్రకటన వచ్చి ఉంటుందని ఈయన పగలబడి నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. ఆవిడకు నవ్వడం రాదని ఆయన ఏనాడో తేల్చేశాడు.

అంతలో కూతురు ఫోన్ చేసింది. లెక్కల పరీక్ష పాడు చేసుకున్నానని ఒకటే ఏడుపు.

"ఏం కాదు తల్లీ. మీ నాన్న కూడా లెక్కలు తప్పినవాడే. సాయంత్రం ఇద్దరం కూర్చుని చూద్దాంలే," అన్నాడు. ఆ కాసేపూ ఆయన మామూలు మనిషిలాగే ఉన్నాడు.

ఫోన్ పెట్టి తలెత్తేసరికి గీత డెబ్బై మీద ఉంది.

"చూశారా? కుక్కపిల్ల వీడియో పడింది. పెట్టమన్నది నేనే. ఈ వెధవలకు యుద్ధం వార్త అక్కర్లేదు, కుక్కపిల్ల తోకాడిస్తే చాలు."

గీత కూలింది. ఇరవై. పది. వెనక వరసలో ఒకావిడ మీటను ఎడమకు తిప్పి, ఇక తిరగదని తెలిసినా తిప్పుతూనే ఉంది. గ్రాఫు దొర కాళ్ళు బల్ల మీంచి దించాడు. కుర్చీ చేజారిపోతోంది. మిషన్ చెడిందన్నాడు. వీళ్ళంతా సంపాదకుడి మనుషులే అన్నాడు. చివరికి గాడిదలన్నాడు. గీత మట్టి కరిచింది, గంట మోగింది, పదకొండు మందీ లేచి వెళ్ళిపోయారు.

"నా కార్యక్రమంలో వాళ్ళకు ఏం నచ్చలేదో వెళ్ళి అడగండి," అన్నాడు నీరసంగా. జనాన్ని అడగమనడం ఆయన జీవితంలో అదే మొదలు.

సర్వే మేడమ్ కదల్లేదు. ఫైలు తెరిచి, గుమ్మంలో ఆయన సంతకం చేసిన కాగితాన్ని తీసి ముందు పెట్టింది.

ఆ సంతకానికి సరిగ్గా పైన, పెద్ద అక్షరాల్లోనే రాసి ఉంది: 'ఈ గంటసేపూ అవతలి గది తెర మీద ప్రేక్షకులకు నన్నే చూపించి, నా మాటలే వినిపించి, నాకే మార్కులు వేయించడానికి ఒప్పుకుంటున్నాను.'