కనెక్షన్ ఎవరి పేరు మీద

టీవీ నిండా నీలం రంగు. మధ్యలో ఒకటే మాట: ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు.

మంచంలో ఉన్న పెద్దాయన ఆ నీలాన్నే చూస్తున్నాడు. చూస్తున్నాడో, కళ్లు ఊరికే అటు తిరిగి ఉన్నాయో భార్య కమలమ్మకే తెలియదు.

ఆదోని పత్తి మార్కెట్లో ఈ చివర అరిస్తే ఆ చివరకు వినపడే గొంతు ఆయనది. పక్షవాతం వచ్చి అది పోయింది. మాట పోతే పోయింది, మనిషిని గుర్తుపట్టడం కూడా పోయింది. పిలిస్తే తల తిప్పడు. కన్నకొడుకు ముఖమైనా ఎదురుగా ఉన్న గోడైనా ఆయనకు ఒకటే.

ఒక్కసారి మాత్రం, కర్నూలు ఆసుపత్రి వరండాలో టీవీలో క్రికెట్ వస్తుంటే, ఆయన కళ్లు బంతి వెంట పరుగెత్తాయి. కమలమ్మ స్వయంగా చూసింది. డాక్టరు నమ్మలేదు. ఆమె నమ్మింది.

ఇవాళ మధ్యాహ్నం ఇండియా మ్యాచ్ ఉంది.

కొడుకు విష్ణు మార్కెట్ యార్డులో ఉన్నాడు. పత్తి వచ్చే రోజుల్లో ఆ గోలలో ఫోన్ ఎత్తడు. కోడలు సంయుక్త ఎమ్మిగనూరులో టీచరు, క్లాసులో ఫోన్ ముట్టదు. ఇక మిగిలింది తనే. ఆయన ఫోన్ తీసుకుని కేబుల్ కంపెనీ కస్టమర్ కేర్‌కు చేసింది.

తెలుగుకు రెండు నొక్కమన్నారు, నొక్కింది. దేనికి ఏది నొక్కాలో వరసపెట్టి చెప్పుకుపోయారు. చివరిది వినేసరికి మొదటిది మర్చిపోయింది. తర్వాత పాట మొదలైంది. మధ్యమధ్యలో ‘మీ కాల్ మాకు ఎంతో విలువైనది’ అని ఒక గొంతు.

అంత విలువైనదైతే ఎత్తి చావొచ్చు కదా అనుకుంది కమలమ్మ. అనుకుంటుండగానే లైన్ కట్టయింది.

మళ్లీ చేసింది. మళ్లీ రెండు, మళ్లీ అదే పాట.

ఈసారి ఒక అమ్మాయి దొరికింది. స్పోర్ట్స్ ప్యాక్ కావాలంటే తప్పకుండా వేస్తానంది. ముందు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో చెప్పమంది.

కనెక్షన్ ఆయన పేరు మీదే ఉంది.

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. రేషన్ షాపులో పక్కవాళ్లు చెప్పేవారు. గుడిలో అర్చనకు కొడుకు చెప్పేవాడు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పింది. నమ్మకమో అలవాటో, ఇన్నేళ్లూ ఆ అవసరం లేకుండా నెట్టుకొచ్చింది.

“మా విష్ణు వాళ్ల నాయన పేరు మీద ఉంది తల్లీ.”

విష్ణు అనే పేరు రికార్డులో లేదంది అమ్మాయి.

పెరట్లో గిన్నెలు తోముతున్న భీమక్కను పిలిచి, ఆయన పేరు కాస్త ఫోన్లో చెప్పమంది.

“నాకేం తెలుసమ్మా. సావుకారి అనే కదా మేం పిలిచేది” అని భీమక్క మళ్లీ గిన్నెల దగ్గరికి పోయింది.

కమలమ్మ గొంతు తగ్గించింది.

“యశోదమ్మ కొడుకు పేరు తల్లీ. వెన్న దొంగతనం సేస్తాండె సూడు, ఆయప్పది. దానికి ముందర సిన్నపిల్లోడనే మాట పెట్టుకో. యెనక అయ్య.”

ఆ పిల్లకు అర్థమయ్యే ఉంటుంది. కానీ కాల్ రికార్డవుతోందనీ, పేరు తాను అందించకూడదనీ, మేడమే చెప్పాలనీ, లేకపోతే ప్యాక్ వేయడం కుదరదనీ బడిలో అప్పజెప్పినట్టు చెప్పింది.

కమలమ్మకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, అలా చెప్పమని నేర్పినవాళ్ల మీద.

మంట చల్లారాక భయం వేసింది. మంచం వైపు చూసింది. ఉన్నదే సగం మనిషి. అందులోంచి ఇంకెంత తగ్గించాలి?

నీలం వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. ఇలా నీలం గోడ చూస్తూ ఎన్నాళ్లు బతికితే మాత్రం ఏం సుఖం అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

“వినపడలేదు మేడమ్. కొంచెం గట్టిగా.”

కొంగు తీసేసింది.

“బాలకృష్ణయ్య.”

ఇల్లంతా వినపడింది. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అమ్మాయి థాంక్స్ చెప్పింది. ప్యాక్ వేశానని, టీవీ ఒకసారి ఆపి వేసుకోమని, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. కమలమ్మ ఏం బదులు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మంచం వైపు చూడటానికి ధైర్యం చాలక టీవీ ఆపి, మళ్లీ వేసింది.

నీలం పోయి పచ్చటి మైదానం వచ్చింది. జనం కేకలు పెడుతున్నారు. బౌలర్ పరుగెత్తుకొస్తున్నాడు.

“ఇదో, వచ్చింది సూడండి” అంటూ వెనక్కి తిరిగింది.

ఆయన టీవీ చూడటం లేదు.

తల ఇటు తిప్పి ఉన్నాడు. పేరు పెట్టి పిలిచింది ఎవరబ్బా అన్నట్టు ఆమెనే చూస్తున్నాడు.

కమలమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. రిమోట్ అందుకుని టీవీ శబ్దం మొత్తం తగ్గించేసింది.

భీమక్క గుమ్మంలోకి వచ్చి నిలబడిందని తెలిసీ, “బాలకృష్ణయ్యా” అని పిలిచింది.