సాక్ష్యం చెప్పే వేళ

బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాడు. లేదు. పరుపు కింద లేదు, వాషింగ్ మెషిన్ వెనకా లేదు. ఇంట్లోనే ఎక్కడో ఉందని అతనికి తెలుసు. అది తెలిశాక అతనికి కాలు ఒకచోట నిలవదు.

"ఇవాళ్టికి వదిలెయ్యండి, మీకు దణ్ణం పెడతాను," అంది భార్య గుమ్మంలోంచి.

"వదిలితే ప్రాణం ఊరుకోవడం లేదే!"

చివరికి చెప్పుల స్టాండు వెనక, పాత గొడుగు మడతల్లో దొరికింది సగం సీసా. మూత తియ్యగానే వాసన గుప్పుమంది. సీసా ఖాళీ అయ్యేదాకా సింకు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఇంట్లో ఎన్ని ఒట్లు పడలేదు! బైబిలు మీద చెయ్యేసి ఒట్లు, ఉపవాసాలు, మోకాళ్లు కాయలు కాసే ప్రార్థనలు అన్నీ అయ్యాయి. నాలుగు రోజులు నిబ్బరంగా గడిచేవి. ఆ తర్వాత మళ్లీ ఏదో ఒక మూల సీసా మొలిచేది.

ఓపిక నశించి ఒకరోజు ప్రార్థన కూటంలో లేచి, "మా ఇంట్లోంచి తాగుడు పోవాలని ప్రార్థించండి," అన్నాడు. అంతే. మరో మాట అనలేదు. ఎవరూ మరో మాట అడగనూ లేదు. అడగడానికేముంది? అతను డ్రైవరు. ఆమె ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ. "పాపం, మహాతల్లి! ఎలా వేగుతోందో!" అనుకున్నారంతా.

ఆ మాట చర్చి గేటు దాటి స్కూలు గేటు దాకా పాకింది. అతను నడిపేది స్కూలు బస్సు. రోజూ పొద్దున్నే మేనేజరు అతని నోటి ముందు మెషిన్ పెట్టి ఊదించడం మొదలుపెట్టాడు. మెషిన్ ఏమీ చూపించేది కాదు.

"ఇవాళ తాగలేదన్నమాట," అనేవాడు మేనేజరు. "రేపటి మాటేంటి? బస్సులో ఉండేది మేకలు కాదయ్యా, పిల్లలు."

డ్రైవరు తాళాలు తీసుకునేవాడు. స్టీరింగు పట్టుకున్నా మనసు మాత్రం ఇంట్లోనే తిరుగుతుండేది. కొత్త సీసా ఎక్కడ దాగి ఉందో, తను వెళ్లేసరికి ఏమవుతుందో!

శనివారం సాయంత్రం పాస్టరుగారిని వెంటబెట్టుకుని భార్య అన్న వచ్చాడు. చర్చి సంఘంలో పెద్ద. వస్తూనే విరుచుకుపడ్డాడు.

"సోమవారం నుంచి నిన్ను పనిలోకి రావద్దనబోతున్నారట! కుక్క తోక వంకర అన్నట్టుంది బావా నీ వ్యవహారం. మా చెల్లి మొహం చూశావా? పీక్కుపోయింది."

"చూస్తూనే ఉన్నాను బావగారూ."

పాస్టరుగారు చేత్తో ఆయన్ని వారించి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఎందుకు మానలేకపోతున్నావు తమ్ముడూ?"

"మానాలనే ఉందయ్యా. రోజూ ఏడుస్తూనే ఉన్నాం. మా వల్ల కావడం లేదు."

"దాచిపెట్టిన పుండు మానదు. గాలి తగలాలి. నలుగురిలో చెప్పుకో. చెప్పుకున్నవాణ్ణి దేవుడు తోసెయ్యడు."

"రేపు సంఘం ముందు ఒప్పుకో," అన్నాడు బావగారు. "స్కూలువాళ్లతో నేను మాట్లాడతాను. లేదంటే నీ దారి నీది."

"సరే. ఒప్పుకుంటాను."

భార్య చటుక్కున తలెత్తింది. "ఏవండీ, మీరెందుకు..."

"నువ్వు లోపలికెళ్లు!" అతను ఆమె మీద అరవడం అదే మొదటిసారి.

"చూశావా?" బావగారికి కళ్లు చెమర్చాయి. "ఇంకా నిన్నే వెనకేసుకొస్తోంది పిచ్చిది!"

ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ముందు వరసలో ఆదివారం బడి పిల్లలు, వాళ్ల మధ్య టీచరమ్మ. స్కూలు మేనేజరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ బావగారు కళ్లతోనే సైగ చేశాడు. డ్రైవరు లేచి మైకు అందుకున్నాడు.

"నేను..." అన్నాడు. మళ్లీ, "నేను..." అన్నాడు.

పిల్లల మధ్యనుంచి టీచరమ్మ లేచింది. తడబడే అడుగులతో వచ్చి అతని చేతిలోంచి మైకు తీసుకోబోయింది. అతను వదల్లేదు. ఆమె ఒక్కొక్క వేలే విడదీసింది.

"మొగుడి తరఫున కూడా పాపం ఈవిడే చెప్పుకోవాలి," అని ఎవరో గొణిగారు.

బావగారు గబగబా ముందుకొచ్చాడు. "నువ్వు కూర్చో అమ్మా. పిల్లల్ని బయటికి పంపించేస్తాను, అతన్నే చెప్పనీ."

"వద్దన్నయ్యా. వాళ్లూ విననీ."

ఆమె పాస్టరుగారి వంక ఒకసారి చూసింది. భర్త చెయ్యి పట్టుకుంది.

"తాగేది నేను."