పురుగుకు మేత

చమురు తెట్టెకట్టిన ఉప్పుటేట్లో దాన్ని తినే పురుగును వదిలి పదేళ్లయింది. కంటికి కనబడనిదే కానీ ఉన్న చమురంతా తినేసింది. పీతలు తిరిగొచ్చాయి. ఇక చాలని ఊరుకోవాలా? పురుగు ఆకలికి చావకూడదట! ఒడ్డునున్న ప్రతి ఇల్లూ వారానికో డబ్బా డీజిలు ఏట్లో పోయాలని సర్కారువాళ్లు కొత్త ఆర్డరు తెచ్చారు. పీతలు పట్టి బతికే పైడితల్లి పోయలేదు. ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు.

"శుభ్రంగున్న ఏట్లో డీజిలు పొయ్యమంతావేటి బాబూ? నీ కంచంలో పోస్తే తింతావా?"

"పురుగు బతికుంటేనే ఏరు బాగున్నట్టు రాస్తాం పిన్నీ. చచ్చిందంటే ఏరు పాడైందని రేపే మీ ఇళ్లు పీకేస్తారు."

"మరి పీతలు సచ్చిపోతేనో?"

"వాటికి ఫారంలో గడి లేదు."

పైడితల్లి ఏట్లో దిగింది. గుడ్లతో ఉన్న పీతల్ని చేతికందినన్ని ఏరి బిందెలో వేసింది. తర్వాత ఇంటివైపు ఒక్కసారి చూసి, డీజిలు డబ్బా ఏట్లోకి వంచేసింది.