ఏనుగుల వెనకాల వచ్చిన అవ్వ

ఏనుగుల మంద నడిచిపోయిన దారిలో, పట్టపగలు, ఒక ముసలామె పేడ కెలుకుతోంది.

బోరు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళలో ఉన్న నంగొంబె మొహం తిప్పేసుకుంది.

ఏనుగు మొంగొంగో పండు మింగి, గుజ్జు అరిగించుకుని, గట్టి గింజను అలాగే పేడలో వదిలేస్తుంది. కరువు ముదిరితే ఆ గింజలు ఏరుకోని ఇల్లు ఒకవాంగో ఏటి ఒడ్డున ఒక్కటీ ఉండదు. ఏరామని ఒప్పుకునే ఇల్లూ ఉండదు.

ముసలామె సంచి భుజాన వేసుకుని తిన్నగా నంగొంబె గుడిసెకే వచ్చింది. ఎవరి బిడ్డవని అడిగింది. నంగొంబె తన తండ్రి పేరు చెప్పింది. ముసలామె ఆమెనూ, చంకలో పిల్లాణ్ణీ తేరిపార చూసి, కొన్నాళ్ళు ఉంటానంది.

నంగొంబె గాదె వైపు చూసింది. గాదెలో సజ్జలు అడుగంటాయి. రెండేళ్ళ కొడుకు కంజిమి కాళ్ళూ చేతులూ పుల్లలైపోయాయి. పదిహేను రోజుల్లో బరువు పెరక్కపోతే పట్నం ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని నర్సు చెప్పింది. కిందటి కరువులో పెద్ద కొడుకుని అలాగే మోసుకెళ్ళి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది తను. మళ్ళీ ఆ దారి నడవడం ఆమె వల్ల కాదు.

"నీకు పెట్టడానికి నా దగ్గరేం లేదవ్వా."

"నీ గంజి ఎవరికి కావాలే? నా తిండి నేనే తెచ్చుకున్నా."

"ఆ పేడ తిండి నా గిన్నెల్లో వండకు."

"గింజ ఏనుగు కడుపులోకి పోయింది గానీ, ఏనుగు గింజలోకి పోలేదు గదే," అని నవ్వింది ముసలామె.

ఆమె పనితనం చూసి తీరాలి. వేడి ఇసుకలో గింజలు వేయించేది. గొడ్డలి అంచు మీద పెట్టి రాతితో ఒక్కటే దెబ్బ. పెంకు రెండు చెక్కలయ్యేది, పప్పు చెక్కు చెదిరేది కాదు. నంగొంబె కొడితే సగం పప్పు పొడై మట్టిపాలయ్యేది.

ఆ పప్పు మెత్తగా నూరి, సజ్జ జావలో కలిపి పిల్లాడి నాలుకకు రాసేది. రెండు రోజులు ఉమ్మేశాడు. మూడో రోజు గిన్నె వదల్లేదు. పప్పు పిండి తీసిన నూనెను వాడి పగిలిన చర్మానికి పట్టించేది. పెంకులు పొయ్యిలోకి పనికొచ్చేవి.

నంగొంబె లోలోపల సంతోషించింది. కానీ బోరు దగ్గర, మీ ఇంట్లో ఏనుగు విందట గదా అని ఎకసెక్కాలు మొదలయ్యాయి. పదమూడో రోజున ఇక పట్టలేకపోయింది.

"నలుగురూ నవ్వుతున్నారవ్వా. ఎప్పుడు బయల్దేరతావు?"

ముసలామె గొడ్డలి అందుకుంది. మిగిలిన గింజలన్నీ కొట్టి, కుండ నిండా పప్పు నింపిపెట్టి, మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయింది.

క్లినిక్కులో తక్కెడ ముల్లు ముప్పావు కిలో ఎక్కువ చూపింది. పట్నం వెళ్ళక్కర్లేదంది నర్సు. ఏం పెట్టావని అడిగి, విని, ఆ పప్పులో సగానికి పైగా నూనే, పావు వంతు మాంసకృత్తులూ ఉంటాయని చెప్పింది. నంగొంబె పిల్లాణ్ణి గుండెకు హత్తుకుని దారంతా ఏడ్చింది. అవ్వను ఆ మాట అనకుండా ఉండాల్సిందనుకుంది.

ఆ వారమే పశువుల మకాం నుంచి తండ్రి వచ్చాడు. జరిగినదంతా చెప్పింది.

"పట్టపగలే కెలికిందా?"

"అందరూ చూస్తుండగానే. సిగ్గన్నదే లేదు నాన్నా ఆవిడకి."

"పేరడిగావా?"

"పోయే మనిషే గదా అని అడగలేదు."

ఆయన మనవణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అడక్కుండా చెప్పుకునే మనిషి కాదులే. ఏటి ఆవలికి వలసపోయి పాతికేళ్ళయింది," అన్నాడు. "మీ అమ్మ పోయేనాటికి నువ్వు ఏడాది పిల్లవి, ఇంట్లో గింజ లేదు. ఏ చుట్టమూ కాకపోయినా నిన్ను వీపుకు కట్టుకుని, ఆ యేడంతా ఏనుగుల వెనకాల తిరిగి సాకింది. అందుకే నీ పాత పేరు తీసేసి, ఆవిడ పేరు పెట్టుకున్నాం తల్లీ."