ఊరి గ్లాసు

నేలమాళిగలో ద్రాక్షసారా పీపా చుట్టూ ఎంతమంది చేరినా గ్లాసు ఒక్కటే. తాగినవాడు మళ్ళీ నింపి పక్కవాడికి అందించాలి. ఆ ఊళ్ళో మర్యాదంటే అదే.

ఊరి పండగనాడు ఆ గ్లాసు ఇలారియోన్ చేతి నుంచి సాఫ్తా చేతికి వచ్చింది.

సాఫ్తా దాన్ని రాతిమెట్టుకేసి కొట్టింది.

పాట ఆగిపోయింది.

"ఏమే, పిచ్చిగానీ పట్టిందా?" అన్నాడు మొగుడు గ్రిగోరె.

"ఈ పెద్దమనిషి ఆదివారం వస్తే ఎక్కడ బస్సు దిగుతున్నాడో అడుగు! టీబీ ఆసుపత్రి గేటు దగ్గర! జబ్బు దాచుకుని మన గ్లాసు ఎంగిలి చేస్తాడా?"

ఇలారియోన్ ఆ వేసవిలోనే వచ్చి చివరింట్లో గది అద్దెకు తీసుకున్న పరాయి మనిషి. ఒంటరివాడు. శనివారం వస్తే మాత్రం గుమ్మడికాయ ప్లచింతలు పళ్ళెం నిండా కాల్చేవాడు. "ఒక్క పొట్టకి అన్ని రొట్టెలా!" అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పిల్లల తల్లివి. భయపడటంలో తప్పేం లేదమ్మా."

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మర్నాటికి గది ఖాళీ.

సాఫ్తా తమ్ముడు తోదెర్ అప్పుడు ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. సాఫ్తా ఒక్కసారీ వెళ్ళలేదు. చిన్న రొట్టె ముక్క కూడా పంపలేదు. వాడు ఫోన్ చేసినా తీసేది కాదు.

వసంతానికి తోదెర్ నయమై ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే అక్కని కావలించుకున్నాడు. సాఫ్తా సిగ్గుతో తల దించుకుంది.

నేలమాళిగలో కొత్త గ్లాసు నింపారు.

"మొదటి గుక్క ఇలారియోన్ బాబాయిది. పిలవండి," అన్నాడు తోదెర్.

"ఆ జబ్బు మనిషా?" గొణిగాడు గ్రిగోరె.

"జబ్బేంటి బావా! పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు ఆయన చేతుల్లోనే దగ్గి దగ్గి పోయారు. ఆయనకి మాత్రం అంటలేదు. డాక్టర్లు రక్తం తీసి చూశారు. పుట్టుకతోనే ఏదో తేడా ఉందట, జన్యువుల్లో. క్రిమి లోపలికెళ్ళినా నిలవనివ్వదట."

తోదెర్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"అది విని ఆయన ఏడ్చాడట. 'పిల్లలకి నా కళ్ళిచ్చాను, నా ముక్కిచ్చాను, అదొక్కటీ ఇవ్వలేకపోయాను' అని. అప్పట్నించి, ఇంటివాళ్ళు రాలేని మంచాల దగ్గర కూర్చుంటాడు. లేవలేనప్పుడు నాకు సూపు తాగించింది ఆయనే."

సాఫ్తాకి చెవుల్లో గాజు పగిలిన చప్పుడు మళ్ళీ వినిపించింది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"ఏడీ మరి?" అడిగాడు తోదెర్.

"వెళ్ళిపోయాడు," అంది మెల్లగా. "పండగ మర్నాడే."

"పండగ మర్నాడా?" తోదెర్ తెల్లబోయాడు. "అదేంటక్కా! లోపలికొస్తే పిల్లలకి అంటుతుందని నువ్వు గేటు దగ్గరే ఏడుస్తూ నిలబడ్డావని చెప్పి, నువ్వు పంపిన గుమ్మడికాయ ప్లచింతలు పోయిన ఆదివారం కూడా తెచ్చి పెట్టాడే!"