కళ్ళ చప్పుడు

"కళ్ళు తిప్పితే చప్పుడు వినిపిస్తోంది బాబూ," అన్నాడు ముసలాయన, స్కానింగు బల్ల మీద పడుకోబోతూ.

టెక్నీషియన్‌కి నవ్వొచ్చింది. పొద్దున్నించి అది ఇరవయ్యో తలకాయ. బయట ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు.

ముసలాయన జేబులోంచి చీటీ తీశాడు. చెవి లోపలి ఎముక బొమ్మ, పెన్సిలుతో గీసింది. మామూలు మందం పొరల్లో తీస్తే ఎముకలో చిల్లున్నా కనపడదట. అరమిల్లీమీటరు చొప్పున, బొమ్మలో గీసిన వాలులో తియ్యాలట.

తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ నేర్పేది తాతే.

టెక్నీషియన్ ఎప్పట్లాగే తీసేసి, సన్నగానే తీశానని చెప్పాడు. అబద్ధమే.

ముసలాయన ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టి చూశాడు.

"ఇవి మందంగా ఉన్నాయి బాబూ."

నెలలో మూడుసార్లొచ్చాడు. అదే మాట, అదే చీటీ. సెంటర్లో అందరూ ఆయనకి 'కళ్ళచప్పుడు తాత' అని పేరు పెట్టేశారు. మూడోసారి టెక్నీషియన్ విసిగిపోయి, నీకు కావాల్సింది చెవి డాక్టరు కాదు, పిచ్చి డాక్టరు అనేశాడు.

నోరా వీపుకి తేకే అంటారు. ఆ దెబ్బ కొన్నాళ్ళు ఆగి తగిలింది.

ముసలాయన బల్ల దిగాడు. చీటీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

వానలు వెలిసేసరికి టెక్నీషియన్ భార్యకి మొదలైంది. ఏం నమిలినా తలలో గచ్చు మీద కుర్చీ ఈడ్చినట్టు మోత. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే గది ఒరిగిపోయేది. పాఠం చెబుతూ చెబుతూ, పిల్లల గోలకి తరగతిలోనే పడిపోయింది. బడివాళ్ళు ఇంట్లోనే ఉండమన్నారు. అత్తగారు ఇవన్నీ వేషాలంది. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు.

చంటిదాన్ని ఎత్తుకోవడం కూడా మానేసింది, పడేస్తానేమోనన్న భయంతో.

ఒకరోజు భోజనాల దగ్గర మెల్లగా అడిగింది.

"ఏవండీ, కళ్ళు తిప్పితే నాకు చప్పుడు వినిపిస్తోంది. పిచ్చి పట్టిందా నాకు?"

టెక్నీషియన్ కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు సొరుగులన్నీ వెతికి ఆ చీటీ పట్టుకున్నాడు. భార్యని బల్ల మీద పడుకోబెట్టి, బొమ్మలో ఉన్న వాలులో, అరమిల్లీమీటరు చొప్పున తీశాడు. కుడిచెవి లోపల, ఉంగరంలాంటి గొట్టం పైన, ఎముకకి చిల్లు. సూదిమొనంత.

ఆపరేషన్ చేసి మూసేయొచ్చన్నాడు సర్జన్. పిచ్చి కాదని తెలిసి ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది.

టెక్నీషియన్‌కి మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. ముసలాయన తలలోనూ ఇదే చిల్లు ఉండుంటుంది. కనపడకుండా చేసింది తనే. రిజిస్టర్లో అడ్రసు చూసుకుని పరిగెత్తాడు, కాళ్ళు పట్టుకునైనా మళ్ళీ తీద్దామని.

ముసలాయన భార్య తలుపు తీసింది. ఆయన గుండెపోటుతో పోయి నెలైందంది.

టెక్నీషియన్ గుమ్మంలోనే నిలబడి, అబద్ధంతో సహా అంతా చెప్పేశాడు.

"నేను సరిగ్గా తీసుంటే ఆయన చెవి బాగయ్యేదమ్మా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆయన చెవులకి ఏ జబ్బూ లేదు నాయనా. ఆ మాటలన్నీ మా అమ్మాయివి. అందరూ పిచ్చన్నారు, మేమూ అన్నాం. అది కళ్ళు తిరిగి మేడ మెట్ల మీంచి పడ్డాక, పెద్దాసుపత్రిలో సన్నగా తీస్తే చిల్లు కనపడింది. అప్పటికే దానికి స్పృహ లేదు, మళ్ళీ రాలేదు. ఇంకో పిల్లకి అలా కాకూడదని, మీకందరికీ చెయ్యి తిరిగేదాకా, ఊళ్ళో ప్రతి స్కానింగు సెంటర్లోనూ ఆయన తన తలే ఇచ్చి పడుకున్నారు."